కప్పు మీద హెచ్చరిక రాస్తే సరిపోతుందా?

1992 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆల్బకర్కీ నగరంలో 79 ఏళ్ల వృద్ధురాలొకరు మెక్‌డొనాల్డ్స్‌లో కాఫీ కొన్నారు. మనవడు కారు ఆపాక, కప్పును మోకాళ్ల మధ్య పెట్టుకుని పాలు, చక్కెర కలుపుకుందామని మూత తీయబోయారు. కాఫీ అంతా ఒళ్లో ఒలికిపోయింది. ఒంటి మీద 6 శాతం మేర చర్మం పూర్తి లోతు వరకు కాలింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి, చర్మం అతికించే శస్త్రచికిత్స చేయించుకున్నారు.

కాఫీ ఒలికితేనే ఇంత గాయమా అని అప్పట్లో చాలామంది ఎగతాళి చేశారు. చర్మం ఎలా కాలుతుందో తెలిసినవాళ్లు నవ్వలేరు.

వేడికి చర్మకణాల్లోని ప్రోటీన్లు, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగే, గడ్డకడతాయి. ఎంత వేడి, ఎంతసేపు తగిలింది అన్నదాన్ని బట్టి గాయం ఉంటుంది. మోరిట్జ్, హెన్రిక్స్ అనే శాస్త్రవేత్తలు 1947లో దీన్ని కొలిచారు. 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర చర్మం కాలడానికి దాదాపు 6 గంటలు పడుతుంది. 60 డిగ్రీల దగ్గర సుమారు 5 సెకన్లు. 70 డిగ్రీలకు చేరితే ఒక్క సెకను చాలు.

మెక్‌డొనాల్డ్స్ సంస్థ అప్పట్లో కాఫీని 82 నుంచి 88 డిగ్రీల వేడిలో ఇవ్వాలని నియమం పెట్టుకుంది. పైగా ఆమె వేసుకున్న నూలు ప్యాంటు కాఫీని పీల్చుకుని చర్మానికి అంటుకుపోయింది. అందుకే వేడి ద్రవం ఒలికితే తడిసిన బట్టను వెంటనే తీసేయాలి. చర్మానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం లాగకూడదు. కాలిన చోటును 20 నిమిషాలు చల్లని కుళాయి నీటి ధార కింద ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్టు వద్దు.

చికిత్స ఖర్చుల కింద ఆమె 20,000 డాలర్లు అడిగితే సంస్థ 800 ఇస్తానంది. దాంతో ఆమె కోర్టుకెళ్లారు. అంతకుముందు పదేళ్లలో ఇలా కాలినట్టు 700కు పైగా ఫిర్యాదులు ఆ సంస్థకు అందాయని కోర్టులో తేలింది. 1994లో జ్యూరీ 2 లక్షల డాలర్ల పరిహారం నిర్ణయించి, ఆమె వంతు పొరపాటుకు 20 శాతం తగ్గించింది. సంస్థకు శిక్షగా మరో 27 లక్షల డాలర్లు విధించింది. అది సంస్థకు సుమారు రెండు రోజుల కాఫీ అమ్మకాలతో సమానం. జడ్జి దాన్ని 4.8 లక్షలకు తగ్గించాక ఇరుపక్షాలు రాజీపడ్డాయి.

ఆ కప్పు మీద హెచ్చరిక లేకపోలేదు, చిన్న అక్షరాల్లో ఉంది. పెద్దగా రాసినా, వేడిగా ఉందని చెప్పగలదు కానీ జారే చేతిని ఆపలేదు. భద్రత తెలిసిన ఇంజనీర్లు ముందు ప్రమాదాన్నే తొలగించాలంటారు, వీలుకాకపోతే అడ్డు పెట్టాలంటారు, హెచ్చరికను చివర ఉంచుతారు. రుచి, భద్రత రెండూ లెక్కేసి 2008లో బ్రౌన్, డిల్లర్ అనే పరిశోధకులు కాఫీకి సూచించిన వేడి సుమారు 58 డిగ్రీలే.

మన దేశంలోనూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం తగిన హెచ్చరిక లేకపోవడాన్నే కాదు, వస్తువు రూపకల్పనలోని లోపాన్ని కూడా ఉత్పత్తిదారు బాధ్యతగా చూస్తుంది. కొనేవారు జాగ్రత్తగా ఉండాల్సిందే. కానీ ఆ వేడి ఎంతో తెలిసింది, ఫిర్యాదులన్నీ చేరింది, తగ్గించే వీలున్నది అమ్మేవారికే. కాబట్టి మొదటి బాధ్యతా వారిదే.