వారసత్వంగా వచ్చిన సీసపు సిపాయి బొమ్మలు: గుర్తింపు పద్ధతులు, మద్రాసు సిపాయి జాడ

వ్యాససంగ్రహం:
ఐరోపాలో తయారైన పాత సైనిక బొమ్మలు మన ఇళ్ళలోనూ అక్కడక్కడ కనిపిస్తాయి. సేకరించిన వ్యక్తి మరణించాక అవి ఎప్పటివో, ఎక్కడివో చెప్పేవారుండరు. పదార్థం, పోత పద్ధతి, పీఠం మీది అక్షరాలు, పెట్టె, రంగు అనే ఐదు ఆధారాలతో వాటిని గుర్తించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక్కొక్క ఆధారం ఎంతవరకు నమ్మదగినదో చర్చిస్తుంది. బ్రిటన్స్ సంస్థ తయారుచేసిన మద్రాసు సిపాయి బొమ్మను ఉదాహరణగా పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సీసపు బొమ్మలు, బోలు పోత, మద్రాసు సైన్యం, తెలింగా, ప్రతి పరిశీలన, భౌతిక సంస్కృతి.

1. ఉపోద్ఘాతం:
మా నాన్నగారు మద్రాసులో ఉద్యోగం చేసిన రోజుల్లో మూర్ మార్కెట్టుకు వెళ్ళి పాత పుస్తకాలు కొనేవారు. పుస్తకాలతోపాటు పాత సైనిక బొమ్మలు కూడా ఇంటికి వచ్చేవి. ఆయన పోయిన తరువాత ఒక బిస్కెట్ల డబ్బాలో అలాంటివి ముప్పైఆరు బొమ్మలు దొరికాయి. కొన్నింటికి చేతులు లేవు. కొన్నింటికి ఆయన స్వయంగా రంగులు వేశారు. తలపాగా ధరించిన ఒక బొమ్మకు దారంతో కట్టిన చీటీ మీద "మద్రాసు సిపాయి" అని ఆయన చేతివ్రాత ఉంది.

ఆ మాట నిజమా? దానిని నిర్ధారించుకొనే ప్రయత్నమే ఈ వ్యాసానికి మూలం. తాళపత్ర ప్రతులను పరిశీలించేవారికి ఇందులోని సమస్యలు కొత్తవి కావు. కృతి రచనాకాలం వేరు, ప్రతి లేఖనకాలం వేరు. మూలపాఠం వేరు, లేఖకుని సవరణ వేరు. బొమ్మల విషయంలోనూ ఇదే వివేచన అవసరం.

2. పేరు, పదార్థం:
ఈ బొమ్మలను సాధారణంగా "తగరపు సైనికులు" అంటారు. ఆండర్సన్ 1838లో ప్రచురించిన కథ ఆ పేరుకు ప్రపంచవ్యాప్త ప్రచారం కల్పించింది. కానీ ఇళ్ళలో దొరికే పాత లోహపు బొమ్మల్లో చాలావాటికి సీసమే ప్రధాన లోహం. తగరం, ఆంటిమొని అందులో కలుస్తాయి. కనుక పేరును బట్టి పదార్థాన్ని నిర్ణయించరాదు.

మొదటి పరీక్షకు అయస్కాంతం చాలు. సీసపు మిశ్రమం దానికి అంటుకోదు. జర్మనీలోని ఎలాస్టోలిన్, లినియోల్ రకాల బొమ్మలను రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్దతో, లోపల ఇనుప తీగ ఉంచి చేశారు. ఆ తీగ ఉన్నచోట అయస్కాంతం స్పందిస్తుంది. ఇలాంటి బొమ్మలు పగిలితే పొడవైన బీటలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ బొమ్మలు 20వ శతాబ్ది మధ్యభాగం నుండి విస్తరించాయి. వాటిని తేలికదనమే పట్టిస్తుంది.

3. పోత పద్ధతి:
లోహపు బొమ్మలను పోతను బట్టి మూడు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటిది చదును బొమ్మ. ఇది నాణెం వలె పలుచగా ఉంటుంది, రెండు ముఖాలపైనా చెక్కడం కనిపిస్తుంది. పలక రాతిలో చెక్కిన అచ్చుల్లో దీనిని పోసేవారు. 18వ శతాబ్ది చివరి భాగంలో న్యూరెంబర్గులో హిల్పర్ట్ కుటుంబం ఈ కళకు పేరు తెచ్చింది. అదే నగరంలో 1839లో మొదలైన హైన్‌రిచ్‌సెన్ సంస్థ వల్ల 30 మిల్లీమీటర్ల కొలత ప్రామాణికమైంది.

రెండవది గట్టి పోత. లోపల ఖాళీ లేకుండా మొత్తం లోహమే ఉంటుంది కనుక చేతిలో బరువు తెలుస్తుంది. డ్రెస్డెన్‌లోని హైడె, పారిస్‌లోని మిన్యో సంస్థలు ఇందులో ప్రసిద్ధమైనవి.

మూడవది బోలు పోత. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ జూనియర్ దీనిని సైనిక బొమ్మలకు ప్రయోగించాడు. కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తే గోడలకు తగిలిన పొర ముందుగా గడ్డకడుతుంది. మిగిలిన ద్రవాన్ని వెంటనే బయటికి వంపేస్తారు. లోహం తక్కువ పట్టడం వల్ల ధర తగ్గింది. అంతవరకు బ్రిటిషు విపణిలో జర్మన్ బొమ్మలకున్న ఆధిక్యం దీనితో సడలింది. తలపైనో అడుగుభాగంలోనో కనిపించే చిన్న రంధ్రం ఈ పద్ధతికి గుర్తు. అయితే బోలు పోత కనిపించినంత మాత్రాన అది బ్రిటన్స్ బొమ్మ కాదు. జాన్ హిల్, క్రెసెంట్, చార్బెన్స్ వంటి ఇతర ఆంగ్ల సంస్థలూ ఇదే పద్ధతిని అనుసరించాయి. బ్రిటన్స్ పదాతి సైనికుడి ప్రామాణికమైన ఎత్తు 54 మిల్లీమీటర్లు. కొలిచేటప్పుడు పీఠాన్ని, టోపీని మినహాయించాలి.

4. పీఠం మీది అక్షరాలు:
బ్రిటన్స్ తొలి బొమ్మలపై తయారీదారు పేరు లేదు. ఇతరులు నకళ్ళు తీయడంతో 1900 ప్రాంతంలో పీఠం అడుగున కాగితపు చీటీ అంటించసాగారు. ఆ తరువాత అక్షరాలు అచ్చులోనే చేరాయి. పీఠం ఆకారం కూడా మారింది. తొలి పదాతి బొమ్మలకు అండాకారపు పీఠాలుండగా, తరువాతివాటికి చతురస్రాకారపు పీఠాలు వచ్చాయి.

పీఠంపై తేదీ ఉంటే అదే తయారైన సంవత్సరమని భావించడం సర్వసాధారణమైన పొరపాటు. అది ఆ నమూనాపై హక్కు నమోదైన తేదీ మాత్రమే. అదే అచ్చు నుండి ఆ తరువాత ఎన్నో ఏళ్ళు బొమ్మలు వెలువడి ఉండవచ్చు. తాళపత్రంలో కృత్యాది పద్యాన్ని బట్టి ఆ ప్రతి వయస్సు చెప్పలేనట్లే, ఈ తేదీని బట్టి చేతిలోని బొమ్మ వయస్సు చెప్పలేము. అది పూర్వావధిని మాత్రమే ఇస్తుంది. పరావధి వేరేచోట దొరుకుతుంది: బ్రిటన్స్ సంస్థ సీసపు బొమ్మల తయారీని 1966లో విరమించింది.

5. పెట్టె, రంగు:
పెట్టె మీద దళం పేరు, వరుస సంఖ్య ఉంటాయి. అవి ఉపయోగకరమే కాని, పెట్టెలు మారిపోతాయి. ఒక పెట్టెలో మరొక దళం బొమ్మలు చేరడం సేకర్తల ఇళ్ళలో మామూలే. పైగా పెట్టె మీది పేరు సైన్యంలోని పేరుతో పాటు మారుతుందన్న నియమం లేదు.

రంగు మరింత సున్నితమైన ఆధారం. తయారీ సంస్థలు ఒకే అచ్చుకు వేర్వేరు రంగులు వేసి వేర్వేరు దళాలుగా అమ్మేవి. కనుక రంగు పోతే గుర్తింపే పోతుంది. తరువాత వేసిన రంగును ప్రక్షిప్తంగా పరిగణించాలి. చేయి కదిలే భుజం కీలు లోపల, పీఠం అంచుల వద్ద, పెచ్చులూడినచోట భూతద్దంతో చూస్తే అడుగు పొర కనిపిస్తుంది. మడతల్లోని మురికి మీదుగా రంగు పరచుకొని ఉంటే అది కచ్చితంగా తరువాతి చేయి.

6. మద్రాసు సిపాయి:
18వ శతాబ్దిలో కోరమాండల్ తీరంలో ఐరోపా కంపెనీలు సమకూర్చిన సిపాయి దళాలలో తెలుగువారు గణనీయంగా ఉండేవారు. 1756లో క్లైవు వెంట మద్రాసు నుండి బెంగాలుకు వెళ్ళిన సిపాయిలను అక్కడివారు "తెలింగాలు" అన్నారు. క్రమంగా ఆ పేరు తెలుగు నేలతో సంబంధం లేని సిపాయిలకూ వర్తించింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ పత్రాలలో "తిలంగా" అంటే సిపాయి అనే అర్థం. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరైంది.

19వ శతాబ్ది చివరి పాదంలో పరిస్థితి తలకిందులైంది. 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తరువాత 1893 వరకు భారత సైన్యానికి సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాదివారు యుద్ధానికి తగరన్న అభిప్రాయాన్ని బలంగా ప్రచారం చేశాడు. "యోధ జాతుల" సిద్ధాంతం పేరిట మద్రాసు దళాలు తగ్గాయి. తెలుగువారి నియామకాలు క్షీణించాయి.

సరిగ్గా ఆ కాలంలోనే లండన్‌లో మద్రాసు సిపాయి బొమ్మగా పుట్టాడు. బ్రిటన్స్ జాబితాలో 67వ సంఖ్య "మొదటి మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ", 68వ సంఖ్య "రెండవ బొంబాయి నేటివ్ ఇన్‌ఫాంట్రీ". రెండింటి అచ్చు ఒకటే, తేడా అంతా రంగులోనే. దళాల పేర్లలో "నేటివ్" అనే మాటను సైన్యం 1885లోనే తొలగించింది. 1903లో కిచెనర్ పునర్వ్యవస్థీకరణలో ఆ దళం 61వ పయొనీర్లుగా మారి, "మద్రాసు" అనే మాటనూ కోల్పోయింది. బొమ్మ మాత్రం పాత పేరుతోనే అమ్ముడైంది. కాబట్టి పెట్టె మీది పేరును బట్టి 1903కు ముందుదని నిర్ణయించడం తప్పవుతుంది. సైన్యం వదులుకున్న సిపాయిని ఆటబొమ్మల దుకాణం నిలుపుకొన్నదన్న సంగతి మాత్రం ఆ పేరు వల్లే తెలుస్తుంది.

నాన్నగారి బొమ్మకు పెట్టె లేదు. పీఠం అండాకారంలో ఉంది. తలపై రంధ్రం ఉంది. ఒంటి మీద ఆయన వేసిన రంగు ఉంది. చంక దగ్గర పెచ్చూడినచోట అడుగున వేరొక రంగు కనిపిస్తున్నది. అది మద్రాసుదో బొంబాయిదో తేల్చాలంటే, రంగు చెడని బొమ్మలతో ఆ అడుగు పొరను పోల్చి చూడాలి. అంతవరకు చీటీ మీది మాట సేకర్త సాక్ష్యమే కాని, నిరూపణ కాదు. ఆ సాక్ష్యానికీ విలువ ఉంది. రంగు వేయకముందు దానిని చూసినవారు ఆయనొక్కరే.

7. భద్రత, నమోదు:
గుర్తింపు పూర్తికాకముందు శుభ్రపరచరాదు. రంగు తొలగించే ద్రావకం ప్రక్షిప్తంతోపాటు మూలాన్నీ తీసుకుపోతుంది. బొమ్మపై తెల్లని, బూడిదరంగు పొడి కనిపిస్తే అది సీసం తినివేతకు లోనవుతున్నదనడానికి సూచన. చెక్క, ముఖ్యంగా ఓక్ చెక్క, నాసిరకం అట్ట వదిలే ఆమ్లపు ఆవిరులు దీనికి ప్రధాన కారణం. అలాంటి బొమ్మలను వేరుచేసి, ఆమ్లరహిత కాగితంలో చుట్టి, తేమలేని చోట ఉంచాలి. సీసం విషపదార్థం కనుక ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి, పిల్లలకు అందనీయరాదు. ప్రతి బొమ్మకూ సంఖ్య ఇచ్చి, ఎత్తు, బరువు, పీఠం ఆకారం, అక్షరాలు, రంగు పొరలు, లోపాలు నమోదు చేసి, నాలుగు వైపుల నుండి ఛాయాచిత్రాలు తీయాలి. సేకర్త రాసిన చీటీలను బొమ్మ నుండి విడదీయకూడదు.

8. ముగింపు:
పదార్థం, పోత వర్గాన్ని చెబుతాయి. అక్షరాలు పూర్వావధిని చెబుతాయి. పెట్టె ఒక సూచన ఇస్తుంది. దళాన్ని నిర్ధారించేది రంగు, అన్నింటికంటే సులువుగా నశించేదీ అదే. ఈ ఆధారాలలో ఏ ఒక్కటీ స్వతంత్రంగా చాలదు. నాన్నగారి రంగును తొలగిస్తే నా ప్రశ్నకు సమాధానం వెంటనే దొరకవచ్చు. కాని ఆ పొర కూడా ఈ బొమ్మ చరిత్రలో భాగమే. ఒక తెలుగువాడు మూర్ మార్కెట్టులో తన వాడనుకున్న సిపాయిని గుర్తుపట్టి, ఇంటికి తెచ్చి, మళ్ళీ రంగులద్దిన చరిత్ర అది. అందువల్ల ఆ బొమ్మను అలాగే ఉంచి, నమోదు పుస్తకంలో దళం పేరు దగ్గర "అనిర్ణీతం" అనీ, దాని పక్కన "సేకర్త కథనం: మద్రాసు సిపాయి" అనీ రాశాను.