కంప్యూటరులోని రోగచరిత్రము

మా యత్తగారికి సల్ఫా జాతి మందులు పడవు. ఇరువదేండ్ల క్రిందట నొక మాత్ర మ్రింగి, యొడలెల్ల దద్దురు లేచి, పెదవులు వాచి, మూడు దినములు మిక్కిలి బాధపడిరి. నాటినుండి యే వైద్యునియొద్దకు బోయినను మొట్టమొదట నీ మాటయే చెప్పుట వారికి వాడుక. గడచిన సంవత్సరము మూత్రమార్గమున దోషము కలిగి జ్వరము రాగా వారి నొక పెద్ద యాసుపత్రిలో చేర్చితిమి. అచ్చటను చెప్పిరి. కంప్యూటరు ముందు కూర్చున్న చిన్నది తల యూపినది. నాలుగవ దినమున నింటికి వచ్చునపుడు మా చేతికిచ్చిన డిశ్చార్జి కాగితములలో "పడని మందులు: ఏవియు లేవు" అని యచ్చయి యుండెను. దాని క్రిందనే, ఇంటివద్ద వాడవలసిన మందుల పట్టీలో సల్ఫా మాత్రయు నుండెను! మందుల దుకాణమునకు బోవకముందే కాగితము చదివితిని గనుక సరిపోయినది.

వెనుకకు బోయి యడిగితిని. ఆ చిన్నది జంకుచునే నిజము చెప్పినది. "అమ్మగారూ, ఆ గడి నింపందే తెర ముందుకు కదలదండీ. పట్టీలో వెతికితే సల్ఫా పేరు వెంటనే దొరకలేదు. వెనకాల బోలెడుమంది నిలబడి ఉన్నారు. ‘లేవు’ అన్నది మొదటే ఉంది, నొక్కేశాను" అన్నది. ఆమెను చూచిన నాకు కోపము రాలేదు. తప్పు నొక్కుట సులభముగను, ఒప్పు నొక్కుట కష్టముగను ఆ తెరను కూర్చినవా రెవరో వారిమీద వచ్చినది.

ఈ సంగతి తెలిసికొనగోరి పుస్తకములు తిరుగవేయుచుండగా, ఇట్టిదే మరియొక వృత్తాంతము కనబడినది. అది 2013వ సంవత్సరమున అమెరికా దేశమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి విశ్వవిద్యాలయపు పిల్లల యాసుపత్రిలో జరిగినది. పదునాఱేండ్ల బాలు డొకడు అచ్చట చేరియుండెను. అతనికిని సల్ఫా కలిసిన మాత్రయే, సెప్ట్రా యను దానిని, ఒక్కటి ఇయ్యవలసియుండెను. ఇచ్చినవి ముప్పదియెనిమిదిన్నర!

ఇది యెట్లు సంభవించెనో వినుడు. ఆ తెరమీద మోతాదును రెండు విధముల వ్రాయవచ్చును: మొత్తము ఇన్ని మిల్లీగ్రాములని యొక విధము, రోగి బరువులో కిలో ఒక్కింటికి ఇన్ని యని రెండవ విధము. బాలుని బరువు 38.6 కిలోలు. లెక్కకు 193 మిల్లీగ్రాములు రాగా, దొరకు మాత్ర 160 మిల్లీగ్రాములది. నూటికి అయిదు వంతులకంటె భేదమున్నచో వైద్యులే తిరిగి వ్రాయవలెనని యాసుపత్రి నియమము. వైద్యురాలు 160 అని సరిగనే వ్రాసినది. కాని గడి "కిలోకు" అను చోటనే నిలిచి యుండెను. యంత్రము తనకు దెలిసిన పని చేసినది, 160ని 38.6 చేత గుణించినది.

మోతాదు మితిమీరినదని తెర హెచ్చరింపలేదా యందురేమో. హెచ్చరించినది. వైద్యురాలును, మందులు సరిచూచు ఫార్మసిస్టును దానిని త్రోసివేసిరి. ఏలననగా, అట్టి హెచ్చరికలు దినమున కెన్నియో వచ్చుచుండును. పెక్కింటికి అర్థ ముండదు. రాత్రి యెల్ల మొఱిగెడు కుక్క దొంగను చూచి మొఱిగినపుడు మాత్ర మెవరు లేతురు? పిమ్మట యంత్రమే మాత్రల పొట్లములు కట్టినది. నర్సు సందేహించినది గాని, పొట్లముమీది గీతల గుర్తును చదివింపగా తెర "సరియే" యన్నది. ఆమె తన కన్నులకంటె తెరనే నమ్మినది. ఒక పిల్లవాని చేతిలో గుప్పెడు మాత్రలు పోయవలసివచ్చిన నే యిల్లాలైనను ఒక్క క్షణ మాగదా! ఆ నర్సు మనకంటె తెలివి తక్కువది కాదు; అదియే నాకు భయము పుట్టించిన విషయము. బాలునికి కొన్ని గంటలకు మూర్ఛ వచ్చెను. దైవానుగ్రహమున బ్రతికి బయటపడెను. ఆ సంస్థలోనే వైద్యులైన రాబర్ట్ వాక్టర్ గారు ఈ సంగతిని మఱుగుపఱుపక 2015లో "ది డిజిటల్ డాక్టర్" అను గ్రంథమున విపులముగ వ్రాసిరి.

ఇట్టి తెరలు ఆ దేశమున నింత త్వరగా వ్యాపించుటకు 2009లో చేసిన చట్టము ముఖ్యకారణము. 2008లో నూటికి పది యాసుపత్రులలోనైనను ఇవి లేకుండెను. 2015 నాటికి నూటికి 96 ఆసుపత్రులలో నుండెను. ఇన్ని గడులు నింపినవారికి ఇంత ధనమని ప్రభుత్వము పంచినది. ధనముకొఱకు గడులు పెరిగినవి. గడులకొఱకు వైద్యుని చూపు రోగిమీదనుండి తెరమీదికి మరలినది. వైద్యశాలలలో పరిశీలించి 2016లో ప్రకటించిన యొక లెక్కలో, రోగితో గడిపిన ప్రతి గంటకు వైద్యుడు ఇంచుమించు రెండు గంటలు రికార్డులకును వ్రాతపనికిని వెచ్చించుచున్నట్లు తేలినది.

ఈ కూర్పులను అమ్మకముందు, వాడబోవువారిచేత పరీక్ష చేయింపవలెనని అచ్చట నియమము లేకపోలేదు. అయినను 2015లో విచారింపగా, సగముకంటె నెక్కువ మంది కర్తలు పదునేనుగురిచేతనైనను పరీక్ష చేయింపలేదని బయలుపడినది. మనము క్రొత్త ఆవకాయను సయితము పదిమందికి రుచి చూపింతుము గదా! 2016లో వచ్చిన మఱియొక చట్టము, రోగుల రికార్డులు దాచు కూర్పులు వైద్యోపకరణములు కావని తీర్మానించినది. జ్వరము చూచు గొట్టమునకు గల విచారణ వీనికి లేకపోయినది. ఇది నాకు రుచింపలేదు. అయితే ఆ చట్టమే, రోగి సమాచారమును రోగికి అందకుండ నడ్డుపెట్టరాదని శాసించినది. 2021 నుండి అది అమలులోనికి వచ్చినది. అంతవఱకు మేలే.

మన దేశమున 2016 నాటి ప్రమాణములలో, రికార్డులోని సమాచారము రోగి సొత్తనియు, ఆసుపత్రి దానికి ధర్మకర్త వంటిదనియు వ్రాసియున్నారు. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతట ప్రారంభమైనది. దానివలన కోరినవారికి "ఆభా" యను 14 అంకెల సంఖ్య యిత్తురు. రోగి సమ్మతించినచో నొక యాసుపత్రి రికార్డును మఱియొక యాసుపత్రి చూడవచ్చును. సౌకర్యమే గాని, ఒకచోటి తప్పు పదిచోట్లకు ప్రయాణము చేయుటకును ఇదియే త్రోవ. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున తప్పును దిద్దించుకొను హక్కు చేర్చబడినది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడి, క్రమక్రమముగ అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనది. అంతకంటె పాతది, మన కక్కఱకు వచ్చునది 2002 నాటి వైద్యుల నియమావళి. రోగిగాని, రోగి యధికార మిచ్చినవారుగాని కోరినచో 72 గంటలలో రికార్డు ప్రతుల నియ్యవలెనని అందు స్పష్టముగ నున్నది.

నేను ఆ నియమమునే యుదాహరించి అర్జీ వ్రాసితిని. మూడవ దినమున ప్రతు లిచ్చిరి. ప్రవేశించిన దినపు పుటలో "లేవు" అని యున్నది; తక్కిన మూడు దినముల పుటలు ఆ పుటనుండి తీసి యంటించినవే. ఒక్క నొక్కు నాలుగు పుటలైనది! తప్పు దిద్ది క్రొత్త కాగిత మిచ్చుటకు పదునొకండు దినములు పట్టినది. కాని యీలోపల పాత కాగితము మా యత్తగారి కంటి వైద్యశాలకు చేరియున్నది. వచ్చే నెలలో వారికి శుక్లము తీయుదురు. ఆ దినమున తెరను నావైపునకు త్రిప్పి చూపుమని యడుగుటకు నిశ్చయించుకొంటిని. మా యత్తగారు మాత్రము, "నీవు చూచుకొందువు గాని, నేను మఱల చెప్పెదను" అని ఇప్పటినుండియే సిద్ధముగ నున్నారు.