తెలుగు తెరపై ప్రవాస జీవనవ్యయం: బుల్లితెర చిత్రణలో వాస్తవికత – పరిశీలన

వ్యాస సంగ్రహం:
విదేశాల్లో స్థిరపడిన తెలుగువారి జీవితం తెలుగు టెలివిజన్‌కూ, టెలివిజన్ ద్వారా ఇళ్లకు చేరే సినిమాకూ ఇష్టమైన కథావస్తువు. ఆ జీవితం సాగడానికి నెలనెలా అయ్యే ఖర్చు మాత్రం ఆ కథల్లో అరుదుగా కనిపిస్తుంది. ఈ లోపం ఏ రూపాల్లో ఉన్నది, దానికి కారణాలేమిటి, కృష్ణా డెల్టాలోని మధ్యతరగతి కుటుంబాల నిర్ణయాలతో దానికి గల సంబంధమేమిటి అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. పోలిక కోసం బ్రిటిష్ టెలివిజన్‌లోని వలస కార్యక్రమాలను స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ప్రవాసాంధ్రులు, జీవనవ్యయం, టెలివిజన్, వాస్తవికత, విద్యారుణం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:
విజయవాడకు సమీపంలో, నేటి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న కొండపల్లి తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలకు ప్రసిద్ధి. ఆ బొమ్మల్లో దశావతారాలు, అంబారీ ఏనుగులతో పాటు దంపుళ్లు దంచే స్త్రీ, తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, ఎడ్లబండి తోలే రైతు కూడా ఉంటారు. మనిషిని అతని పనితో సహా చూపడం ఆ కళాసంప్రదాయంలో సహజంగా ఒదిగిన లక్షణం. అదే ఊరిలోని ఇళ్లలో సాయంత్రం వేళ టెలివిజన్ చూపే ప్రవాసాంధ్రుడు ఇందుకు భిన్నమైనవాడు. అతనికి కారు, ఇల్లు, సూట్‌కేసు ఉంటాయి. పని గంటలు, ఇంటి అద్దె, వాయిదాల చెల్లింపులు కనబడవు. ఈ తేడాను కళాభిరుచికి సంబంధించిన విషయంగా మాత్రమే చూడడం సరికాదు. తెరమీది విదేశం చూసి తమ ఆర్థిక భవిష్యత్తును ఊహించుకొనే కుటుంబాలకు అది జీవనసమస్య.

2. డెల్టా నేపథ్యం:
విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో పూర్తయిన ఆనకట్ట డెల్టా వ్యవసాయంలో మిగులుకు దారితీసింది. ఆ మిగులు క్రమంగా విద్యపై పెట్టుబడిగా మారింది. 1946లో గుంటూరు వైద్యకళాశాల, 1977లో విజయవాడ సమీపాన వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. అమెరికా 1965లో వలస చట్టాన్ని సవరించడంతో వైద్యులకు, ఇంజనీర్లకు అక్కడ తలుపులు తెరుచుకున్నాయి. 1990ల తర్వాత సాఫ్ట్‌వేర్ నిపుణులు, అనంతరం పెద్దసంఖ్యలో విద్యార్థులు ఆ దారి పట్టారు.

తొలితరం వైద్యుడు వెళ్లిన తీరుకూ, నేటి విద్యార్థి వెళ్తున్న తీరుకూ మధ్య ఆర్థికంగా మౌలిక భేదం ఉంది. మొదటివాడు చదువు ముగించుకొని సంపాదనకు వెళ్లాడు. రెండవవాడు అప్పు చేసి చదువుకు వెళ్తున్నాడు. ప్రభుత్వరంగ బ్యాంకుల్లో విద్యారుణం 7.5 లక్షల రూపాయలు దాటితే సాధారణంగా స్థిరాస్తిని పూచీకత్తుగా చూపవలసి ఉంటుంది. అంటే నిర్ణయం పిల్లవాడిదైనా, తనఖాకు వెళ్లేది తల్లిదండ్రుల ఇల్లు లేదా పొలం. తెరపై కథలు ఈ మార్పును ఇంకా పూర్తిగా పట్టించుకోలేదు. వాటిలోని ప్రవాసి ఇప్పటికీ తొలితరం వైద్యుని పోలికలతోనే ఉన్నాడు.

3. తెరపై జీవనవ్యయం – మూడు రూపాలు:

3.1 అదృశ్యం: 1995లో జెమినీ, ఈటీవీ ప్రసారాలు మొదలైన తర్వాత తెలుగు ధారావాహికల్లో ‘అమెరికా అబ్బాయి’ ఒక స్థిరపాత్రగా రూపొందాడు. పెళ్లిచూపులకో, ఆస్తి పంపకాలకో అతడు ఊరికి వస్తాడు. లేదా ఫోన్‌లో గొంతుగా మిగిలిపోతాడు. కథకు అవసరమైన డబ్బు అతని నుంచి వస్తుంది. ఆ డబ్బు ఏ ఖర్చులు పోగా మిగిలిందో చెప్పవలసిన అవసరం కథకు ఉండదు.

3.2 వేదన: జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ (1987) అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబపు సాంస్కృతిక సంఘర్షణను చిత్రించింది. శేఖర్ కమ్ముల ‘డాలర్ డ్రీమ్స్’ (2000) వెళ్లడమా, ఉండిపోవడమా అనే యువతరం సందిగ్ధాన్ని చర్చించింది. ఆయనే తీసిన ‘ఫిదా’ (2017)లో నాయికకు పుట్టిన ఊరితో, తండ్రితో గల అనుబంధం ప్రధాన సమస్య. సుధామూర్తి నవల ఆధారంగా 2001లో జీ టీవీలో వచ్చిన ‘డాలర్ బహూ’ హిందీ ధారావాహిక డాలరు వ్యామోహాన్ని అత్తాకోడళ్ల సంబంధాల ద్వారా విమర్శించింది. ఇవి తమ పరిధిలో నిజాయితీ గల రచనలే. అయినా వీటిలో విదేశవాసపు మూల్యాన్ని ప్రధానంగా కొలిచింది ఒంటరితనం, అనుబంధాల క్షీణత, సంస్కృతి నష్టం అనే కొలమానాలతోనే. రూపాయల్లో, డాలర్లలో చెల్లించే వ్యయం ఇక్కడ మనోవేదనగా మారిపోతుంది.

ఈ మార్పును స్పష్టంగా చూపే ఉదాహరణ పురుడు పోయడానికి వెళ్లే తల్లి. డెల్టా గ్రామాల నుంచి ఒక ఆరు నెలలు తల్లి, మరో ఆరు నెలలు అత్త అమెరికా వెళ్లడం నేడు పరిచితమైన ఏర్పాటు. తెర దీనిని మమకారంగా, లేదా పరాయిచోట వృద్ధుల ఒంటరితనంగా చూపుతుంది. రెండూ నిజమే. అక్కడ శిశుసంరక్షణకు చెల్లించవలసిన పెద్దమొత్తాన్ని ఆ తల్లి శ్రమ ఆదా చేస్తున్నదన్నది మూడవ నిజం. హెచ్-4 వీసాపై ఉన్న జీవిత భాగస్వాముల్లో కొన్ని వర్గాల వారికి మాత్రమే 2015 నుంచి పని అనుమతి లభిస్తున్నది. మిగిలిన కుటుంబాలు ఒకే జీతంపై నడవాలి. అమ్మమ్మ ప్రయాణానికి అనురాగంతో పాటు ఈ లెక్క కూడా కారణమన్న సంగతి తెరపై అరుదు.

3.3 విపత్తు: పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ (2017) వంటి చిత్రాలు శ్రామిక వలసలోని కష్టాలను ముందుకు తెచ్చాయి. ఇక్కడ అప్పు కనిపిస్తుంది గాని, అది దళారీ మోసంతోనూ, కార్మికుల దురవస్థతోనూ ముడిపడి ఉంటుంది. దీనివల్ల ఖర్చు పేదల సమస్య అనీ, చదువుకున్నవారికి అది వర్తించదనీ ప్రేక్షకుడు భావించే ప్రమాదముంది. సాఫ్ట్‌వేర్ వలసపై జరిగిన పరిశోధన దీనికి విరుద్ధమైన చిత్రాన్నిస్తుంది. హైదరాబాదు, సిడ్నీలలో క్షేత్రపరిశోధన చేసిన షియాంగ్ బియావో 2007లో వెలువరించిన గ్రంథంలో తెలుగు ఐటీ నిపుణులు దళారీ సంస్థల ద్వారా వెళ్లడం, ప్రాజెక్టు లేని కాలంలో ‘బెంచ్’ మీద గడపడం, కట్నపు సొమ్ము వలసకు పెట్టుబడి కావడం నమోదు చేశారు. ఉన్నతవిద్యావంతుని వలసకూ అప్పు, నిరీక్షణ, జీతం లేని రోజులు ఉన్నాయని ఆ పరిశోధన తెలియజేస్తున్నది.

4. మారకపు విలువ కలిగించే భ్రమ:
తెర వదిలివేసిన లెక్క ఎంత ముఖ్యమైనదో బ్రిటన్ విద్యార్థి వీసా నిబంధనలతో పరీక్షించవచ్చు. 2025 జనవరి 2 నుంచి అమలైన నిబంధన ప్రకారం జీవనవ్యయం కింద లండన్‌లో నెలకు 1,483 పౌండ్లు, లండన్ వెలుపల 1,136 పౌండ్లు చొప్పున గరిష్ఠంగా తొమ్మిది నెలలకు విద్యార్థి నిధులు చూపవలసి ఉండేది. బోధనరుసుము, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌చార్జి దీనికి అదనం. డిగ్రీ విద్యార్థికి చదువు సాగే కాలంలో వారానికి 20 గంటల పనికి మాత్రమే అనుమతి ఉంది. 2025 ఏప్రిల్‌లో అమలైన రేటు ప్రకారం 21 ఏళ్లు నిండినవారి కనీసవేతనం గంటకు 12.21 పౌండ్లుగా ఉండేది.

ఆ రేటుతో ప్రతివారం పూర్తిగా 20 గంటల పని దొరికినా వారానికి 244.20 పౌండ్లు, సగటున నెలకు సుమారు 1,058 పౌండ్లు వచ్చేవి. పౌండును 110 రూపాయలుగా లెక్కిస్తే ఇది లక్షా పదహారు వేల రూపాయలకు పైమాటే. కొండపల్లిలో కూర్చొని వింటే పార్ట్‌టైమ్ పనికి ఇది గొప్ప జీతం. అదే కొలతతో లండన్ వెలుపలి కనీస వ్యయం లక్షా ఇరవై అయిదు వేల వరకు ఉండేది. అంటే నెలకు 78 పౌండ్ల లోటు. లండన్‌లో ఆ లోటు 425 పౌండ్లు. సెలవుల్లో ఎక్కువ గంటలు పనిచేసి కొంత పూడ్చుకోవచ్చు గాని, బోధనరుసుమును, ఇంటిదగ్గర పెరుగుతున్న వడ్డీని ఈ లెక్కలో చేర్చనేలేదు. ఆదాయాన్ని రూపాయల్లోకి మార్చి, వ్యయాన్ని మార్చకుండా వదిలేయడమే ఈ భ్రమకు మూలం. తెరమీది ప్రవాస కథలు అనుకోకుండానే ఈ ఏకపక్షపు లెక్కను బలపరుస్తున్నాయి.

5. బ్రిటిష్ టెలివిజన్‌తో పోలిక:
బ్రిటన్ నుంచి వలస వెళ్లాలనుకొనేవారిపై అక్కడి టెలివిజన్ కథేతర కార్యక్రమాలను నిర్మించింది. 2000లో ఛానల్ 4లో మొదలైన ‘ఎ ప్లేస్ ఇన్ ది సన్’ నిర్ణీత బడ్జెట్‌లో విదేశీ గృహాలను వెతికి చూపుతుంది. ఇంటి ధర ఇందులో స్పష్టం. ఆ ఇంట్లో బతకడానికయ్యే ఖర్చుకు ప్రాధాన్యం తక్కువ. 2007లో బీబీసీ ప్రారంభించిన ‘వాంటెడ్ డౌన్ అండర్’ ఒక కుటుంబాన్ని వారంపాటు ఆస్ట్రేలియా లేదా న్యూజిలాండ్‌లో ఉంచి, ఇళ్ల ధరలు, ఉద్యోగావకాశాలు, నిత్యావసరాల ఖర్చులను స్వదేశంతో పోల్చి చూపుతుంది. ఇంటివద్ద ఉన్న బంధువుల సందేశాలు వినిపించి, చివరకు కుటుంబసభ్యుల చేత ఓటు వేయిస్తుంది.

దీనికీ పరిమితులున్నాయి. వారంరోజుల బసలో సెలవుల ఉల్లాసమే ఎక్కువ. నెలాఖరు ఇబ్బంది అనుభవంలోకి రాదు. అయినా ఒక మౌలిక విషయాన్ని అది నిరూపించింది. డబ్బు లెక్కనూ, బంధుప్రేమనూ ఒకే కార్యక్రమంలో, ఒకదానికొకటి అడ్డురాకుండా చూపవచ్చు. ఖర్చు చెబితే కథారసం చెడుతుందనే అభిప్రాయానికి ఇది సమాధానం.

6. కారణాలు:
ఈ లోపానికి నిర్మాణపరమైన కారణాలు కొన్ని. విదేశాల్లో చిత్రీకరణ కొద్దిరోజుల షెడ్యూలుకు పరిమితం కావడంతో వంతెనలు, వీధులు, ఉద్యానవనాలు కెమెరాకు ముందు దొరుకుతాయి. నలుగురు పంచుకొనే అద్దెగది దొరకదు. విపణిపరంగా ప్రవాసాంధ్రులే తెలుగు సినిమాకు ముఖ్యమైన ప్రేక్షకులు. వారి విజయాన్ని కాదనే చిత్రణకు నిర్మాత వెనుకాడడం ఊహించదగినదే. అన్నిటికంటే బలమైనది సామాజిక కారణం. అప్పుచేసి పిల్లవాణ్ణి పంపిన కుటుంబానికి అతని ఇబ్బంది బయటపడడం పరువు సమస్య. ఇంటికి ఫోన్ చేసిన కొడుకు ‘బాగానే ఉన్నా’నంటాడు, తండ్రి అదే మాట పదిమందికి చెబుతాడు. తెర ఆ మౌనాన్ని సృష్టించలేదు గాని, దానికి దృశ్యరూపం ఇచ్చింది.

7. ముగింపు:
తెలుగు తెరపై ప్రవాస జీవితచిత్రణ అనుభూతి విషయంలో చాలావరకు వాస్తవికం. జీవనవ్యయం విషయంలో అవాస్తవికం. ఖర్చు అక్కడ అదృశ్యమవుతుంది, వేదనగా మారుతుంది, లేదా విపత్తుగా ప్రత్యక్షమవుతుంది. సాధారణ కుటుంబపు సాధారణ నెల మాత్రం కనబడదు. ఈ రంగంలో పరిశోధించేవారు ప్రతి ప్రవాస కథను నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. పాత్ర పనిగంటలు కనిపిస్తున్నాయా? ఇంటి అద్దె ఎవరు కడుతున్నారో తెలుస్తున్నదా? ప్రయాణానికి పెట్టుబడి ఎక్కడిది? ఇంటిపనిలో, శిశుసంరక్షణలో జీతం లేని శ్రమ ఎవరిది? వీటికి సమాధానం ఇవ్వగల కథ ప్రవాసాన్ని నిరుత్సాహపరచదు. తనఖా పత్రంపై సంతకం చేయబోయే తండ్రికి, విమానం ఎక్కబోయే బిడ్డకు ముందుగా తెలియవలసిన విషయాన్ని అది తెలియజేస్తుంది.