వృద్ధాశ్రమము: బల్లచుట్టు కూర్చుండువారు

పాకాల జంక్షనును ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక దారి తిరుపతికి, ఒక దారి కాట్పాడికి, మరియొకటి పీలేరు మీదుగా ధర్మవరమునకు. ఈ దారులు పట్టుకొని పిల్లలు ఉద్యోగములకై బెంగుళూరు, చెన్నైలకు తరలుచుందురు. ఇంట మిగులువారు అవ్వయు తాతయు. 2022లో జిల్లాలను పునర్విభజించినపుడు పాకాల చిత్తూరు జిల్లానుండి తిరుపతి జిల్లాకు మారినది. అవ్వ మాత్రము ఆ వాకిటనే కూర్చున్నది.

వృద్ధాశ్రమమనగానే మనకు దాతలు, దుప్పట్లు, పండుగనాటి అన్నదానము తలపునకు వచ్చును. నేడు మేము ముచ్చటింపదలచినది వాటిని గూర్చి కాదు. నెలకొకమారు బల్లచుట్టు కూర్చుండి ఆ ఇంటిని నడుపు కార్యవర్గమును గూర్చి.

మన రాష్ట్రమున ఇట్టి సంఘములు పెక్కు 2001నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద నమోదగును. అందులకు కనీసము ఏడుగురు కావలెను. నియమావళి వ్రాయవలెను, లెక్కలుంచవలెను, ఏటేట సర్వసభ్య సమావేశము జరుపవలెను. ఇదంతయు కాగితము మీద సులభమే. చిక్కు ఎక్కడ వచ్చుననగా, ఏడుగురిలో ఒకరు పనిచేయుదురు, ఆరుగురు సంతకము చేయుదురు. ఆ ఒక్కరు ఎంత మంచివారైనను ఇది ప్రమాదమే. వారు జబ్బుపడిన నాడు బ్యాంకులో చెక్కు చెల్లదు, బియ్యపు కొట్టువానికి సమాధానము చెప్పువారుండరు. ఇద్దరి సంతకముతో సొమ్ము తీయు ఏర్పాటు అపనమ్మకము వలన పుట్టినది కాదు. పొయ్యి ఆరకుండుటకై పుట్టినది.

కార్యవర్గము వేరు, మేనేజరు వేరు. మధ్యాహ్నము సంగటియా, అన్నమా అని నిర్ణయించుట మేనేజరు పని. అతడు ఎవరినైనను "ఇల్లు ఖాళీచేయుము" అన్నచో, ఆ మాట చెల్లునా చెల్లదా అని విచారించుట కార్యవర్గము పని. సభ్యులు దినదినము వంటశాలలో దూరి ఉప్పు కారములు చూచుచు, ఏడాది లెక్కల పుస్తకము తెరవకపోవుట మేము కొన్నిచోట్ల చూచితిమి. ఉప్పు చూచుట సులువు కదా! సభ్యునికే బియ్యపు వ్యాపారమున్నచో, కొనుగోలును గూర్చిన చర్చ వచ్చినపుడు అతడు లేచి వెలుపలికి పోవలెను. పోయినట్లు మినిట్సు పుస్తకమున వ్రాయవలెను.

అన్నిటికంటె బరువైనది ఆస్తి మాట. ఒక అవ్వ తనకున్న అరయెకరమును ఆశ్రమమునకు వ్రాసియిచ్చినదనుకొందము. "నన్ను కడదాక చూచుకొందురు" అని ఆమె నమ్మకము. 2007నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టములోని 23వ సెక్షను ఆమెకు అండ. చూచుకొనవలెనను షరతుతో ఆస్తి పుచ్చుకొన్నవారు ఆమెను చూడనిచో ఆ బదిలీని రద్దుచేయవచ్చును. కాని షరతు ఉన్నదని చూపవలెను; ఈ సంగతిని సుప్రీంకోర్టు 2022లో స్పష్టముగా చెప్పినది. కనుక షరతును దస్తావేజులోనే వ్రాయించవలెను. దానిని వ్రాయించుమని అవ్వకు చెప్పవలసినవారెవరు? పుచ్చుకొను సంఘమే. తనకు అడ్డమురాగల వాక్యమును తానే వ్రాయించు కార్యవర్గమును నమ్మవచ్చును.

ఇదే చట్టము ప్రతి జిల్లాలో కనీసము ఒక వృద్ధాశ్రమము ఉండవచ్చుననియు, అందు 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండవలెననియు చెప్పుచున్నది. అది ప్రభుత్వము నెలకొల్పు ఇల్లు. సంఘములు నడుపు ఇండ్లు సాధారణముగా చిన్నవి. పర్యవేక్షణ భారము మాత్రము చిన్నది కాదు.

మరియొక మాట. ఆ ఇంట నివసించువారికి బల్లవద్ద చోటున్నదా? ఇంగ్లండులో గృహసంఘములు కొన్ని అద్దెకుండువారిని తమ పాలకమండలిలో కూర్చుండబెట్టుచున్నవి. మనకడ "పెద్దవారికేల ఈ తలనొప్పి?" అందురు. రైల్వేలో ముప్పదియేండ్లు లెక్కలు వ్రాసిన తాత వసారాలో ఊరక కూర్చుండగా, లెక్కలు తెలియని దాత కోశాధికారియగుట మాకు వింతగా తోచును. సభ్యత్వమీయ వీలుకానిచో, నెలకొకమారు నివాసుల సమావేశము జరిపి, అందు వచ్చిన ఫిర్యాదులను కార్యవర్గము ముందుంచి, జవాబును గోడమీద అంటింపవచ్చును. మరుగుదొడ్డి దీపము వెలుగలేదన్న ఫిర్యాదు చిన్నదిగా కనిపించును. రాత్రివేళ జారిపడి తుంటియెముక విరిగిన వారికి అది చిన్నది కాదు.

ఆశ్రమమున చేరదలచినవారు, చేర్పింపదలచిన కొడుకులు కోడండ్రు, గదిని చూచుటకు ముందు మూడింటిని అడుగుదురుగాక: నియమావళి ప్రతి, నిరుటి ఆడిటు నివేదిక, డిపాజిటు తిరిగి ఇచ్చు షరతు. చేరిన పిమ్మట ఇబ్బంది కలిగినచో ఎల్డర్‌లైను 14567కు ఫోను చేయవచ్చును. పిల్లలు పోషింపనిచో రెవెన్యూ డివిజను అధికారి అధ్యక్షతగల ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. నోటీసు అందించిన నాటినుండి 90 దినములలో విచారణ ముగింపవలెనని చట్టము.