పన్ను తగ్గితే ఫ్యాక్టరీలు వస్తాయా?
2019 సెప్టెంబరు 20న కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్ను మూల రేటును 22 శాతానికి, కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి దించింది. ఖజానాకు ఏటా తగ్గేది 1.45 లక్షల కోట్ల రూపాయలని తానే లెక్క చెప్పింది. పంచుకునే పన్నుల్లో అప్పట్లో 42 శాతం రాష్ట్రాలది కనుక, ఆ కోత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకూ తగిలింది. అయినా పార్లమెంటులో ముందుగా చర్చే జరగలేదు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

మిగిలిన డబ్బుతో కంపెనీలు ఫ్యాక్టరీలు పెడతాయని సమర్థకుల వాదన. కానీ సరుకు కొనేవాళ్లు లేనప్పుడు ఏ యజమానీ కొత్త యంత్రం బిగించడు. ఆ డబ్బుతో పాత అప్పు తీర్చుకుంటాడు. ఫలితాలను కరోనా తారుమారు చేసిందన్న మాటలోనూ, వసూళ్లు తర్వాత కోలుకున్నాయన్న మాటలోనూ నిజముంది. అయితే 2023-24లో వ్యక్తుల ఆదాయపు పన్ను కంపెనీల పన్నును మించింది. రాయితీని కొత్త ఉద్యోగాల లెక్కకు ముడిపెట్టి ఉంటే, జీతగాళ్లకు ఈ తేడాకు తగిన జవాబు దొరికేది.