వర్ణచిత్రంలో జాతిమూస: హాలీవుడ్ కార్టూన్ నుండి కృష్ణాతీరం వరకు

ఒక జనసముదాయంలోని వ్యక్తులందరికీ ఒకే రూపాన్ని, ఒకే స్వభావాన్ని, ఒకే వృత్తిని ముందుగానే నిర్ణయించి, ఆ నిర్ణయాన్నే వ్యక్తిపరిశీలనకు బదులుగా వాడుకునే మానసిక వ్యవహారాన్ని మూసభావన అంటారు. 1922లో అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ ముద్రణాలయపు పరిభాష నుండి ఈ మాటను తీసుకొని సామాజిక విచారణలో ప్రవేశపెట్టాడు. ఆ సముదాయం జాతి, తెగ, కులం వంటి జన్మసిద్ధమైన గుర్తింపు వల్ల ఏర్పడినదైతే, దానికి అంటగట్టిన మూసను జాతిమూస అనవచ్చు. దీనికి సన్నిహితంగా కనిపించే మరి రెండింటి నుండి దీనిని వేరుచేసి చూడాలి. వ్యంగ్యచిత్రం ఒక ఎరిగిన వ్యక్తిలో ఉన్న లక్షణాన్నే పెంచి చూపుతుంది; కనుక అది ఆ వ్యక్తితోనే ఆగిపోతుంది. ప్రతీక అనేది చూసేవారికి కట్టుబాటుగానే తెలిసి ఉంటుంది; పటంలో కృష్ణుడు నీలవర్ణంలో ఉన్నాడని యాదవులందరూ నీలంగా ఉంటారని ఎవరూ అనుకోరు. జాతిమూస మాత్రం కట్టుబాటై ఉండి కూడా వాస్తవంగా చలామణి అవుతుంది. దాని ప్రమాదమంతా ఈ చలామణిలోనే ఉన్నది.

ఈ మూస చిత్రకళలోకి, అందులోనూ కదిలే బొమ్మలోకి, అంత సులువుగా ఎందుకు ప్రవేశిస్తుందో తెలియాలంటే త్వరితాభిజ్ఞానం అనే సూత్రాన్ని గ్రహించాలి. ప్రేక్షకుడు పాత్రను చూచిన క్షణంలోనే అది ఎవరో, ఎటువంటిదో గుర్తించగలగడం త్వరితాభిజ్ఞానం. నవలాకారుడికి ఒక మనిషిని పరిచయం చేయడానికి పది పుటలు దొరుకుతాయి. ఏడెనిమిది నిమిషాల కార్టూన్ చిత్రానికి అయిదు క్షణాలు కూడా దొరకవు. అందువల్ల అది వర్ణం, ఆకృతి, వాక్కు అనే మూడు సాధనాలను ఆశ్రయిస్తుంది. ఆ సాధనాలలో దోషం లేదు. ఎవరు ఎవరిని ఆ సాధనాలతో గుర్తుపట్టిస్తున్నారు, గుర్తింపబడినవారికి తిరిగి మాట్లాడే అవకాశం ఉన్నదా లేదా అన్నదే విచారించవలసిన విషయం.

వర్ణంతో జనాన్ని వర్గీకరించడం పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య కాదు. భరతుని నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయాన్ని నిరూపించే అధ్యాయం సితం, పీతం, నీలం, రక్తం అనే నాలుగు స్వభావవర్ణాలను చెప్పి, వాటి సంయోగం వల్ల పుట్టే ఉపవర్ణాలను వివరిస్తుంది: సితపీతాల కలయిక పాండువు, సితరక్తాల కలయిక పద్మం, పీతనీలాల కలయిక హరితం, నీలరక్తాల కలయిక కాషాయం, రక్తపీతాల కలయిక గౌరం. ఇంతవరకు అది శుద్ధమైన వర్ణవిజ్ఞానం. ఆ తరువాతనే ఏ దేశపు మనిషికి ఏ రంగు పూయాలో చెప్పే పట్టిక వస్తుంది. శక, యవన, పహ్లవ, బాహ్లికులు ప్రాయికంగా గౌరవర్ణులు. పాంచాల, శూరసేన, మాగధులు, అంగ వంగ కళింగులు శ్యామవర్ణులు. కిరాత, బర్బర, ఆంధ్ర, ద్రమిడ, పుళిందులు, దాక్షిణాత్యులు అసితవర్ణులు. అసితమంటే నలుపు. పోణంగి శ్రీరామ అప్పారావు గారు ఈ శాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చి 1960లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. కనుక ఆ పట్టికలో తాము ఏ గడిలో ఉన్నారో తెలుసుకోవడం తెలుగు పాఠకులకు కష్టం కాదు. పెళ్లిసంబంధాల ప్రకటనల్లో మేనిఛాయను అడిగేవారు ముందుగా తెలుసుకుంటే మరీ మంచిది.

ఈ శాస్త్రానికి లౌకికరూపం తోలుబొమ్మలాట. మేక, జింక, దున్న చర్మాలను శుద్ధిచేసి, వెంట్రుకలు తీసి, వెలుతురు దాటిపోయేంత పలుచగా గీకి, ఆపైన ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు అద్దుతారు. వెనుక దీపం వెలిగినప్పుడు ఆ రంధ్రాలే నగలవుతాయి, రంగు తెరమీద కరిగిన కాంతిగా పడుతుంది. కనుక తోలుబొమ్మను కేవలం నీడబొమ్మ అనకూడదు. అది పారదర్శకమైన వర్ణచిత్రం, సెల్యులాయిడ్ ఫలకాల మీద కార్టూన్ గీయడానికి ఎంతో ముందే ఈ నేలమీద ఉన్న కదిలే రంగుబొమ్మ. అందులో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు అనే హాస్యపాత్రలు వికృతాకారంతో, మోటుమాటతో ప్రవేశిస్తారు. ఆకారంలో వారూ మూసలే. అయితే వారు ఫలానా కులానికో తెగకో ప్రతినిధులుగా రారు. పైగా లంకలోనైనా అయోధ్యలోనైనా ఆ ఊరి కరణాన్ని, మునసబును, చూడవచ్చినవారిని కూడా ఎగతాళి చేసే అధికారం వారికుంది. మూసకు నోరు ఇచ్చిన సంప్రదాయం ఇది.

దీనికి భిన్నంగా నోరు ఉండి కూడా స్వరం లేని మూసలను అమెరికన్ కార్టూన్ పరిశ్రమ తయారుచేసింది. దాని మూలం పందొమ్మిదో శతాబ్దపు మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలలో ఉన్నది. శ్వేతజాతి నటులు ముఖానికి మసి పూసుకొని, పెదవులను పెద్దవిగా దిద్దుకొని, చేతులకు తెల్లని తొడుగులు వేసుకొని, నల్లజాతివారిని సోమరులుగా, మూర్ఖులుగా, పాటకూ ఆటకూ మాత్రమే పుట్టినవారుగా అభినయించేవారు. తొలినాటి కార్టూన్ జంతువుల నల్లని దేహాలలో, తెల్లని చేతితొడుగులలో ఆ వేషపు జాడ కనిపిస్తుందని పరిశోధకులు చెబుతారు. నలుపుతెలుపు చిత్రాలలో ఆ జాడ కొంత మరుగుపడి ఉండేది. రంగు వచ్చి దానిని బయటపెట్టింది.

1932లో వాల్ట్ డిస్నీ సంస్థ నిర్మించిన 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' టెక్నికలర్ సంపూర్ణ త్రివర్ణ ప్రక్రియలో విడుదలైన మొదటి కార్టూన్. యానిమేషన్ లఘుచిత్రానికి ఇచ్చిన తొలి ఆస్కార్ కూడా దానికే దక్కింది. కార్టూన్లలో ఈ ప్రక్రియ ఎట్లా సాగేదంటే, ఒక్కొక్క చిత్రఫలకాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలి వడపోతల గుండా మూడుసార్లు ఫోటో తీసి, ఆ మూడింటిని పూరకవర్ణాల రంజకాలతో ఒకే ఫిల్ముపై అచ్చువేసేవారు. ఈ విధానం వల్ల దట్టమైన, మచ్చలేని, ఏకరీతి రంగుపూతలు సాధ్యమయ్యాయి. పారదర్శక ఫలకం ముందువైపు రేఖలు, వెనుకవైపు రంగు. చర్మానికి ఏ డబ్బాలోని రంగు పూయాలో నిర్ణయించవలసిన అవసరం చిత్రకారునికి అప్పుడే కలిగింది. మనుషుల చర్మంలో వందల ఛాయలు ఉండగా, నల్లజాతి పాత్రలలో చాలావాటికి ఒకే ముదురుపూత, దానిమీద ఎబ్బెట్టుగా కనిపించే లేతరంగు పెదవులు స్థిరపడ్డాయి. సాంకేతిక విద్య పెరిగినకొద్దీ పరిశీలన తరగడం ఇక్కడ గమనింపదగినది.

వార్నర్ బ్రదర్స్ సంస్థలో బాబ్ క్లాంపెట్ దర్శకత్వం వహించిన 'కోల్ బ్లాక్ అండ్ డి సెబెన్ డ్వార్ఫ్స్' 1943లో వచ్చింది. హిమశ్వేత (స్నో వైట్) కథకు అది హాస్యానుకరణ. చలనంలో, సంగీతసమన్వయంలో దాని నైపుణ్యాన్ని ఈనాటికీ చిత్రకారులు మెచ్చుకుంటారు. పాత్రచిత్రణలో అది మిన్‌స్ట్రెల్ వేషాన్ని ఏమాత్రం దాటలేదు. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. ఆనాడే దానిపై నిరసన తెలిపింది. వాల్టర్ లాంట్జ్ 1941లో తీసిన 'స్క్రబ్ మీ మామా విత్ ఎ బూగీ బీట్' మీద కూడా ఆ సంస్థ తరువాత అభ్యంతరం చెప్పగా, యూనివర్సల్ దానిని ప్రదర్శనల నుండి తొలగించింది. చివరకు 1968లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ వార్నర్ కార్టూన్లలో పదకొండింటిని టెలివిజన్ ప్రసారానికి ఇవ్వకుండా పక్కనపెట్టింది. వాటిలో ఒకటి మాత్రమే నలుపుతెలుపు చిత్రం, తక్కిన పదీ రంగుచిత్రాలే.

మన ఇళ్లలో టామ్ అండ్ జెర్రీ చూడని బాలలు అరుదు. 1940 నుండి 1952 వరకు వచ్చిన ఆ చిత్రాలలో టామ్‌ను చీపురుతో తరిమే స్త్రీకి తరచుగా నడుముకు పైభాగం కనిపించదు. లావాటి కాళ్లు, చెప్పులు, ఏప్రాన్, బొంగురుగొంతు, అంతే. ఆమె ఇంటి యజమానురాలని మన పిల్లలు అనుకుంటారు. నల్లజాతి పనిమనిషి అనే మూసకు ఆమె ప్రతిరూపం. గొంతు ఇచ్చినది లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటి. 1960ల్లో టెలివిజన్ కోసం కొన్ని చిత్రాలలో ఆ కాళ్లకు తెల్లరంగు వేసి, గొంతు మార్చారు. రంగు మార్చారే గాని ముఖం ఇవ్వలేదు. ఇటువంటి చిత్రాల ప్రభావం లేతమనసులపై ఎట్లా ఉంటుందో ఊహించడానికి ఒక ప్రయోగం తోడ్పడుతుంది: కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి బాలల ముందు తెల్లబొమ్మను, నల్లబొమ్మను ఉంచి ఏది మంచిదని అడిగినప్పుడు ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపారు. పాఠశాలల్లో జాతివివక్షను రద్దుచేసిన 1954 నాటి అమెరికన్ సుప్రీంకోర్టు తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉన్నది.

ఇక మన కృష్ణా డెల్టాకు వద్దాం. ఇక్కడ జాతిమూసకు నిండు ఉదాహరణ ఎరుకల తెగ. కురవంజిలోనూ యక్షగానంలోనూ ఎరుకలసాని, సింగి, సింగడు పాత్రలు తప్పనిసరి. బుట్ట, గద్దె, సోది, ప్రత్యేకమైన యాస వారి త్వరితాభిజ్ఞాన సాధనాలు. హాస్యానికి వాడుకున్నా, ఆ మూసలో గౌరవం కూడా ఇమిడి ఉండేది: పద్మావతీ పరిణయ కథలో వేంకటేశ్వరుడే ఎరుకలసాని రూపం ధరించి నారాయణవనం వెళతాడు. భవిష్యత్తు తెలిసిన స్త్రీగా ఆమెను రాణివాసం లోపలికి పిలుస్తుంది.

వలసపాలన ఈ ద్విముఖమైన మూసలో ఒక ముఖాన్ని చెరిపివేసింది. తీరం నుండి ఉప్పును, లోపలి నాడుల నుండి ధాన్యాన్ని పశువులపై మోసి జీవించిన ఎరుకలకు ప్రభుత్వ ఉప్పు విధానం వల్ల, రైలుమార్గాల వల్ల బ్రతుకుతెరువు పోయింది. తెరువు పోయినవారు తిరుగుబోతులయ్యారు, తిరుగుబోతులు అనుమానితులయ్యారు. 1871లో ఉత్తరదేశంలో ప్రవేశపెట్టిన నేరస్థజాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. నేరం చేసినవాడు కాక, పుట్టినవాడే నేరస్థుడన్నది దాని సారం. పేర్ల నమోదు, వేలిముద్రలు, హాజరుపట్టీ దాని పరికరాలు. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో 1913లో ఏర్పడిన స్టువర్టుపురం, కృష్ణానది ఒడ్డున సీతానగరం ఆ చట్టం కింద వెలసిన సెటిల్‌మెంట్లు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది.

రద్దయిన చట్టాన్ని తెర కొనసాగించింది. చీరాల, బాపట్లల నడుమ రైలు ఆగే ఒక చిన్న ఊరి పేరుతో 1991 ఒక్క సంవత్సరంలోనే 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' అనే రెండు చలనచిత్రాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' విడుదలకు ముందు, దాని టీజర్ ఎరుకలను, ఆ ఊరి ప్రజలను కించపరుస్తున్నదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. ఇదే ఊరిలో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, కవి జాషువా కుమార్తె హేమలతా లవణం 1970ల నుండి ఎన్నో ఏళ్లపాటు సంస్కరణ కార్యక్రమం నడిపారు. దొంగతనం మానినవారి చరిత్ర దొంగతనం కంటే నాటకీయమైనదని నా అభిప్రాయం. అయినా తెరకు దొంగే కావాలి, ఎందుకంటే అతణ్ణి ప్రేక్షకునికి పరిచయం చేయనక్కరలేదు.

మూసకు విరుగుడు నిషేధమేనా అన్న ప్రశ్న దీని తరువాత వస్తుంది. కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి' నాటకాన్ని వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి రాశారు. అందులోని సుబ్బిశెట్టి పాత్రను ఊరూరా తిరిగిన సమాజాలు చప్పట్ల కోసం పెంచి, నల్లరంగు పూసి, అసభ్యసంభాషణలు చేర్చి, ఒక వైశ్య వ్యక్తిని వైశ్యకులానికే మూసగా మార్చాయి. ఆర్యవైశ్యుల అభ్యంతరంపై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. అభ్యంతరం న్యాయమైనదే. కాని రచయిత రాసిన పాఠానికీ, రంగస్థలం చేర్చిన ప్రక్షిప్తానికీ భేదం చూడని నిషేధం శాస్త్రీయమైన చికిత్స కాదు. అదే కోవలో, ఆ పదకొండు కార్టూన్లను బీరువాలో పెట్టి తాళం వేసినందువల్ల వాటి నైపుణ్యమూ వాటి నేరమూ రెండూ విద్యార్థికి దూరమయ్యాయి. వార్నర్ సంస్థ తరువాతి కాలపు డీవీడీలలో పాత కార్టూన్లకు ముందు, ఈ చిత్రణలు ఆనాడూ తప్పే, ఈనాడూ తప్పే అన్న భావంతో ఒక ప్రకటన జతచేసింది. నాకు ఈ మార్గం మెరుగనిపిస్తుంది. పాఠం మిగులుతుంది, దాని దోషమూ పేరుపెట్టి చెప్పబడుతుంది.

మన నాట్యసంప్రదాయంలోనే మరొక మార్గం కూడా ఉన్నది. కూచిపూడివారి గొల్లకలాపంలో గొల్లభామ విప్రుని ఎదుట నిలిచి పిండోత్పత్తిని, యజ్ఞతత్త్వాన్ని వివరిస్తుంది. చల్లమ్మే స్త్రీ అన్న మూసతోనే ఆమె ప్రవేశిస్తుంది. కాని ఆమె పలికే శాస్త్రం ముందు ఆ మూస నిలవదు. త్వరితాభిజ్ఞానం ప్రవేశానికి మాత్రమే, పాత్ర ఆపైన నడవాలి అన్న కళాసూత్రాన్ని ఈ కలాపం నుండి గ్రహించవచ్చు.

విజయవాడలోనూ గుంటూరులోనూ ఈనాడు యానిమేషన్ నేర్చుకుంటున్న యువతకు, వారికి బోధించే అధ్యాపకులకు ఒక విన్నపం. రాక్షసునికి, దొంగకు, పనిమనిషికి మీ చేయి ఏ రంగును అలవాటుగా ఎంచుకుంటున్నదో ఒకసారి తిరిగి చూడండి. ఒక తెగ కథను గీయదలచినప్పుడు ఆ తెగవారిని గీసేవారి వరుసలోనూ రాసేవారి వరుసలోనూ కూర్చోబెట్టండి. ఉపాధ్యాయులు తరగతిలో టామ్ అండ్ జెర్రీ చిత్రం ఒకటి ప్రదర్శించి, ఆ చెప్పుల కాళ్లు ఎవరివని పిల్లలను అడగండి.