లంబసింగిలో మంచు పడుతుందా?

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మన హాస్టళ్ళలో రెండు కబుర్లు బయల్దేరుతాయి. ఒకటి పరీక్షలు వాయిదా పడతాయని. రెండోది లంబసింగిలో మంచు కురుస్తోందని. మొదటిదాని సంగతి అధికారులకే తెలియాలి. రెండోదాని గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. ఆ కబురు నమ్మి అర్ధరాత్రి మోటారు సైకిళ్ళ మీద నర్సీపట్నం దారి పట్టే మిత్రులు ప్రతి యేడూ వుంటూనే వున్నారు.

చిక్కంతా మన భాషతోనే మొదలవుతుంది. తెలుగులో ‘మంచు’ అనే ఒక్క మాటే నాలుగైదు వస్తువులకు పేరు. తెల్లారుజామున గడ్డి మీద మెరిసే నీటిబొట్టూ మంచే. రోడ్డు కనపడకుండా కమ్ముకునేదీ మంచే. గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా గట్టిపడేదీ మంచే. హిమాలయాల మీద దూదిలా రాలేదీ మంచే. ఆఖరికి ఐసుగడ్డ గూడా మంచుగడ్డే. మన పల్లెల్లో ‘రాత్రి మంచు బాగా కురిసింది’ అంటారు గాని, నిజానికి ఆ మంచు పైనుంచి కురవదు. చల్లబడ్డ ఆకును తాకిన గాలిలోని తేమ అక్కడికక్కడే నీరవుతుంది. ఆకు సున్నా డిగ్రీల కంటే చల్లబడితే ఆ తేమ గడ్డకట్టి తెల్లగా పేరుకుంటుంది. లంబసింగిలో బాగా చలి ముదిరిన ఉదయాల్లో కనిపించే తెలుపు యిదే. ఆకాశం నుంచి పడింది కాదు, నేలమీద పుట్టింది.

మరి సున్నా డిగ్రీలు అని పత్రికలు రాసే రోజుల్లోనైనా పైనుంచి హిమం ఎందుకు పడదు? యిక్కడే వుంది తమాషా. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ ఊరికి అంత చలి ఎలా వస్తుందో చూడాలి.

లంబసింగి యిప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా (2022లో ఏర్పడింది) చింతపల్లి మండలంలోని చిన్న గిరిజన గ్రామం. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఊరికి ‘కొర్రబయలు’ అని యింకో పేరుంది. రాత్రి బయట వుండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని దాని అర్థం చెబుతారు. పర్యాటకుల కోసం పెట్టిన ‘ఆంధ్రా కాశ్మీర్’ కంటే యీ పాత పేరే వెయ్యి రెట్లు నయం. అందులో ఊరి అనుభవం వుంది.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ చల్లబడుతుందని స్కూల్లో చదువుకున్నాం. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు. జనవరిలో మన వాల్తేరు గట్టున తెల్లవారుజాము ఉష్ణోగ్రత పదిహేడు, పద్దెనిమిది వుంటుంది. అందులో ఆరున్నర తీసేస్తే లంబసింగిలో పదకొండు పన్నెండు వుండాలి. కాని అక్కడ ఐదు, నాలుగు, మూడు అని వింటాం. మిగతా ఏడెనిమిది డిగ్రీలు ఏమైనట్టు?

అవి ఆకాశంలోకి పోయాయి. పగలు నేల సంపాదించిన వేడిని రాత్రి కంటికి కనపడని కిరణాలుగా పైకి వదిలేస్తుంది. మబ్బు వుంటే దుప్పటిలా ఆ వేడిని కొంత తిరిగి కిందికి పంపుతుంది. గాలిలో తేమ ఎక్కువగా వున్నా కొంత అదే పని చేస్తుంది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా, కదలిక లేకుండా వున్న రాత్రి యీ దుప్పటి ఏదీ వుండదు. పైగా డిసెంబరు చివర మన అక్షాంశంలో రాత్రి దాదాపు పదమూడు గంటలు. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దే వుండదని పెద్దలన్నారు గదా! పదమూడు గంటల ఖర్చు, పదకొండు గంటల రాబడి. అందుకే చలి పరాకాష్ఠ అర్ధరాత్రి కాదు, సరిగ్గా సూర్యోదయం వేళ.

దీనికి కొండల రూపం తోడవుతుంది. చల్లగాలి బరువు. వాలుల మీద చల్లబడిన గాలి నీళ్ళలాగే జారి కిందనున్న పల్లాల్లో చేరి మడుగు కడుతుంది. అప్పుడు లోయ అడుగున చలి, కొండ మీద కాస్త వెచ్చదనం. ఎత్తుకు పోతే చల్లన అనే సూత్రం ఆ కాసేపు తలకిందులవుతుంది. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి ‘మేఘాల సముద్రం’ చూసి వచ్చినవాళ్ళు చూసింది దీన్నే. లోయలో చల్లగాలి కింద యిరుక్కున్న పొగమంచు, దాని మీద మూతలా వెచ్చని గాలిపొర.

యిప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు సులువు. హిమం పడాలంటే ముందు మబ్బు కావాలి. ఆ మబ్బులో మంచు పలుకులు పుట్టాలి, అవి కరక్కుండా నేలదాకా రావడానికి కింది గాలి అంతా చల్లగా వుండాలి. లంబసింగిలో చలి పుట్టేదే మబ్బు లేని రాత్రి. మబ్బు వచ్చిందా, దుప్పటి కప్పినట్టే. మూడు డిగ్రీలున్న చోట తెల్లారేసరికి పది, పన్నెండు అవుతుంది, పడితే చినుకే పడుతుంది. అంటే అక్కడ చలికీ హిమపాతానికీ పొత్తు కుదరదు. ఒకటి వున్నప్పుడు రెండోది వుండదు.

‘మరి థర్మామీటరు మూడు డిగ్రీలు చూపిస్తుంటే గడ్డి మీద తెల్లగా ఎలా గడ్డకట్టింది?’ అని ఫిజిక్సు మిత్రులు అడగవచ్చు. వాతావరణ కేంద్రంలో థర్మామీటరును నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలాడే తెల్లని చెక్కపెట్టెలో పెడతారు. నిశ్చలమైన రాత్రి గడ్డి కొస అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువగా చల్లబడగలదు. కనక పెట్టెలో మూడు, గడ్డి మీద సున్నా, రెండూ నిజమే. కారు అద్దం మీద పేరుకున్న తెలుపును ఫొటో తీసి ‘మైనస్’ అని ప్రచారం చేసేవాళ్ళు అబద్ధమాడటం లేదు గాని, వేరే వస్తువు ఉష్ణోగ్రత చెబుతున్నారు.

యిక జోస్యం సంగతి. మనకు చలి ఊళ్ళో పుట్టినా, దానికి పెట్టుబడి ఉత్తరాది నుంచి వస్తుంది. పశ్చిమం నుంచి వచ్చే వాతావరణ అలజడులు కాశ్మీరు, హిమాచల్ కొండల మీద హిమం కురిపించి తూర్పుకు దాటిపోతాయి. వాటి వెనకాల పొడిగా, చల్లగా వుండే వాయవ్యపు గాలి గంగా మైదానం మీదుగా ఛత్తీస్‌గఢ్, ఒడిశా దాటి మన తూర్పు కనుమలకూ, అటు ఆదిలాబాదుకూ దిగుతుంది. అందుకే ఉత్తరాన హిమపాతం వార్త విన్న కొద్ది రోజులకు మన మన్యంలో వణుకు పుడుతుంది. అదే సమయంలో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే లెక్క తారుమారు. తూర్పుగాలి తేమను, మబ్బును తెస్తుంది, రాత్రి చలి తగ్గిపోతుంది. 1974లో విశాఖలో నెలకొల్పిన తుఫాను హెచ్చరిక కేంద్రం పేరు వినగానే మనకు వానలే గుర్తొస్తాయి గాని, శీతాకాలంలో చలి ఎన్నాళ్ళుంటుందో చెప్పడానికి గూడా చూపు సముద్రం వైపే వుంచాలి.

‘శీతల గాలులు’ అన్న మాటను గూడా వాతావరణ శాఖ యిష్టం వచ్చినట్టు వాడదు. మైదానంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేక అంతకు తక్కువ వుండాలి, పైగా అది ఆ రోజుకు మామూలుగా వుండేదానికంటే 4.5 డిగ్రీలైనా తగ్గి వుండాలి, తగ్గుదల 6.4 దాటితే తీవ్రం. కొండ ప్రాంతాలకు 10కి బదులు సున్నా. సముద్రతీరానికి 15. అందుచేత విశాఖలో 14 డిగ్రీలకు యిచ్చే హెచ్చరిక, కొండమీద 5 డిగ్రీలున్నా రాకపోవచ్చు. అలవాటును బట్టి కొలత. పద్దెనిమిది డిగ్రీలకే మంకీ క్యాపు తగిలించి బీచి రోడ్డున నడిచే మన పెద్దలను చూసి నవ్వే ఉత్తరాది మిత్రులు దీన్ని గమనించాలి. అయితే యీ కొలతలో నాకు ఒక లోపం కనిపిస్తుంది. శరీరం అలవాటు పడుతుంది సరే, దుప్పటి లేని యిల్లు అలవాటు పడదు గదా.

నగరంలో చలి లేకపోవడానికి సముద్రమే కారణం. జనవరిలో గూడా తీరపు నీరు పాతిక డిగ్రీలకు అటూయిటూ వుంటుంది. కాని శీతాకాలం మనల్ని వేరేగా బాధిస్తుంది. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్‌తో ముగిసే యారాడ కొండ. నడుమ గిన్నె లాంటి పల్లం. అందులోనే 1933లో మొదలైన ఓడరేవు, 1957 నాటి చమురు శుద్ధి కర్మాగారం, విమానాశ్రయం, మల్కాపురం, పారిశ్రామిక వాడలు. రాత్రి వంజంగి లోయ మీద పడే వెచ్చగాలి మూతే యిక్కడా పడుతుంది. అక్కడ దాని కింద పొగమంచు, యిక్కడ పొగ, దుమ్ము. పొద్దెక్కి నేల వేడెక్కాక మూత కదులుతుంది. కదిలే ముందు పైన నిలిచిన పొగ కాసేపు నేలకు దిగుతుంది. అంటే ఎనిమిది గంటల ప్రాంతంలో, ‘స్వచ్ఛమైన ఉదయపు గాలి’ అనుకుని పరుగు తీసే వేళకు. ఉబ్బసం వున్నవాళ్ళు సముద్రపు గాలి తిరిగిందాకా ఆగడం మేలు.

పంటల మాటకొస్తే, 1975 జులైలో (అది వారి శీతాకాలం) బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో ఒక్క గడ్డకట్టే చలికి కాఫీ తోటలు మాడిపోయి ప్రపంచమంతటా కాఫీ ధర పెరిగింది. మన చింతపల్లి, పాడేరు, అరకు తోటల్లో కాఫీని సిల్వర్ ఓక్ లాంటి చెట్ల నీడన పెంచుతారు. నీడ ఎండకోసమే అనుకుంటాం. రాత్రి ఆ కొమ్మలే మబ్బు చేసే పని చేసి నేల వేడిని కాపాడతాయి. కూరగాయల రైతుకు ఆ గొడుగు లేదు. చలి హెచ్చరిక ముందుగా అందితే సాయంత్రం తడి పెట్టుకోగలడు. తడిసిన నేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుంటుంది.

మనుషుల విషయంలో ఆ హెచ్చరిక అందితే సరిపోదు. మన్యం వసతి గృహాల్లో నేలమీద పడుకునే పిల్లలకు ‘కనిష్ఠం 4 డిగ్రీలు’ అన్న వార్త కంటే నవంబరులోనే అందే రగ్గు ముఖ్యం. సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే రగ్గు, శివరాత్రికి శివశివా అంటూ పోయే చలికి ముందు నెల రోజులైనా ఉపయోగపడదు. మన యూనియన్ ఏటా ఎలాగూ విరాళాలు పోగుచేస్తుంది. అందులో కొంత దీపావళి నాటికే దుప్పట్లుగా మార్చి కొండ ఎక్కిస్తే వాతావరణ శాస్త్రం నేర్చుకున్నందుకు ఫలితం దక్కుతుంది.

యిక ఎలాగైనా వెళ్తామనే మిత్రులకు: గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి నిద్రపోకండి. సగం కాలిన బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాగుదామనుకుంటే చలిమంట బయట వేసుకోండి. పొగమంచులో ఘాట్ రోడ్డు మీద పెద్ద లైటు వేస్తే ఎదుట తెల్లగోడ లేస్తుంది. కింది లైటే వాడాలి. అన్నిటికంటే మంచిది పగటి బస్సులో వెళ్ళి, రాత్రి అక్కడే వుండి, తెల్లారి ఆరున్నరకు గడ్డి మీద చెయ్యి పెట్టి చూడటం. ఎండ పడిన అరగంటలో ఆ తెలుపు కరిగి మామూలు నీళ్ళవుతుంది.